‘అర్హత గల’ అన్న మాటకు అర్థం రాయండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నీట్ కోచింగ్ కోసం విశాఖపట్నం వచ్చి, హాస్టల్లో ఉంటూ ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. దాంతోపాటు దేశం మొత్తానికీ వర్తించే 15 మార్గదర్శకాలూ ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలన్నది వాటిలో ఒకటి. పిల్లల, టీనేజీ వయసువాళ్ల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు వాళ్లు చూపించగలగాలి కూడా. ఆ కేసు మన రాష్ట్రంలో పుట్టింది. వందల మంది పిల్లలు ఒకే కప్పు కింద తిని, చదివి, పడుకునే రెసిడెన్షియల్ కాలేజీలు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో మీకు మేం చెప్పనక్కర్లేదు. అందువల్ల ‘అర్హత గల’ అన్న మాటకు అర్థం రాయాల్సిన బాధ్యత అందరికంటే ముందు మన ప్రభుత్వం మీదే ఉంది.

మా విన్నపం ఒక్కటే. ఆ అర్థాన్ని డిగ్రీ పేరుతో ముగించకండి. ఎన్ని గంటలు, ఎవరి సూపర్‌విజన్‌లో, ఏ పని నేర్చుకున్నారో, దాన్ని ఎవరు పరీక్షించారో నిబంధనల్లోనే రాయించండి. రాయకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తనిఖీకి వచ్చేవారికి చూపించడానికి మూడు నెలల ఆన్‌లైన్ డిప్లొమా ఉన్న ఒకరిని కాలేజీ పెట్టుకుంటుంది. గది బయట బోర్డు వేలాడుతుంది. కాగితం మీద తీర్పు అమలైపోతుంది.

ఇవాళ బోర్డు మీద ‘సైకాలజిస్ట్’ అని రాసుకోవడానికి అడ్డేమీ లేనట్టే ఉంది పరిస్థితి. చట్టాలు లేక కాదు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు ఉన్నవారే క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలి. వారికిచ్చే నంబరునే మేం సీఆర్ఆర్ నంబరు అంటాం. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ వెయ్యి రూపాయలు ముప్పై ఏళ్ల కిందటి వెయ్యి. ఇప్పుడు చాలాచోట్ల ఒక్క సిట్టింగ్ ఫీజుకు సమానం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో స్పష్టంగా నిర్వచించింది: రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన అర్హత, సూపర్‌విజన్‌తో కూడిన క్లినికల్ శిక్షణ ఉన్నవారు. అలాంటివారిని రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్టర్ చేసుకుని జాబితా ప్రచురించాలని కూడా అదే చట్టం చెప్పింది.

ఈ రెండు చట్టాలూ కాపాడేది ‘క్లినికల్’ అన్న మాటను. ఆ మాట తీసేసి ఉత్త ‘సైకాలజిస్ట్’, ‘కౌన్సెలింగ్ సైకాలజిస్ట్’, ‘మైండ్ థెరపిస్ట్’ అని రాసుకునేవాళ్లు వీటి పరిధిలోకి రారు. వాళ్ల కోసం 2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి మిగతా సైకాలజిస్టులను, కౌన్సెలర్లను బిహేవియరల్ హెల్త్ విభాగంలో చేర్చింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవడానికి కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలంది. రిజిస్టర్ నడపాల్సింది రాష్ట్ర మండలి. ఆ రిజిస్టర్ పూర్తిస్థాయిలో నడిస్తే తప్ప, కాలేజీలో ఉన్న కౌన్సెలర్ ఎవరో సరిచూసుకునే దారి తల్లిదండ్రులకు ఉండదు.

గంటలూ సూపర్‌విజనూ అంటూ ఎందుకింత పట్టుబడుతున్నారని మీ అధికారులు అడగవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు ఎలా తయారవుతారో చూస్తే జవాబు దొరుకుతుంది.

ఎంఏ గానీ ఎంఎస్సీ గానీ సైకాలజీ పూర్తిచేశాక, ఎంట్రన్స్ రాసి, రెండేళ్ల ఫుల్‌టైం ఎంఫిల్‌లో చేరాలి. ఎంఏ తరగతిగదిలో నడిస్తే ఎంఫిల్ ఆసుపత్రిలో నడుస్తుంది. మొదటి ఏడాది చివర మూడు థియరీ పేపర్లు: ప్రవర్తన, మానసిక రుగ్మతల మనో-సామాజిక మూలాలు ఒకటి, గణాంకాలు, పరిశోధన పద్ధతులు ఒకటి, సైకియాట్రీ ఒకటి. ప్రాక్టికల్‌కు ముందు, తాను స్వయంగా చూసిన ఐదుగురి పూర్తి నిడివి సైకోడయాగ్నస్టిక్ రిపోర్టులు ఇవ్వాలి. రెండో ఏడాది ప్రవర్తనకు జీవశాస్త్ర మూలాలు, సైకోథెరపీ, బిహేవియరల్ మెడిసిన్. ఐదు థెరపీ రికార్డులు, డిసర్టేషన్, మళ్లీ ప్రాక్టికల్, వైవా. ఇవన్నీ పరీక్షలో కనిపించేవి. అసలు చదువు వీటి వెనక ఉంటుంది. ట్రైనీ పొద్దున్నే ఓపీలో కేసు హిస్టరీ తీస్తారు, మధ్యాహ్నం సూపర్‌వైజర్ ముందు చదువుతారు. ‘ఈ ప్రశ్న ఎందుకు అడగలేదు?’ అని సూపర్‌వైజర్ అంటే, మర్నాడు మళ్లీ ఆ పేషెంట్ దగ్గర కూర్చుంటారు. ఆ దిద్దుబాటు ఏ పుస్తకంలోనూ దొరకదు.

దిద్దుబాటు లేకపోతే ఏమవుతుందో మీ శాఖకు బాగా తెలిసిన పనిలోనే చూపిస్తాం. సదరం క్యాంపులో మేధో వైకల్యం ధ్రువీకరించడానికి వాడే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు తీసుకోండి. మన దేశానికి అనుగుణంగా మార్చిన ఈ స్కేలులో 89 అంశాలు ఉంటాయి. పిల్లవాడు తనంతట తాను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, వీధిలోకి ఒంటరిగా వెళ్లి వస్తాడా అని తల్లిని అడిగి వేసే స్కేలు ఇది. ఏ వయసు పిల్లలు చేసే పనులు చేయగలడో ఆ వయసే సోషల్ ఏజ్. అలా వచ్చిన సోషల్ ఏజ్‌ను అసలు వయసుతో భాగించి వందతో గుణించాలి. ఎనిమిదేళ్లు నిండిన బాబు అనుకుందాం, అంటే 96 నెలలు. సోషల్ ఏజ్ 66 నెలలు వస్తే స్కోరు 69. 67 నెలలు వస్తే 70. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల పట్టికలో 55 నుంచి 69 వరకు 50 శాతం వైకల్యం, 70 నుంచి 84 వరకు 25 శాతం. దివ్యాంగుల హక్కుల చట్టం బెంచ్‌మార్క్‌గా పెట్టింది 40 శాతం. అంటే ఒక్క నెల తేడాతో ఆ కుటుంబానికి పింఛను, రిజర్వేషన్ ఉండటమో పోవడమో తేలిపోతుంది.

ఇప్పుడు తల్లి జవాబు వినండి. ‘వాడంతట వాడు తింటాడా అమ్మా?’ అంటే, ‘లేదండీ, నేనే కలిపి పెడతాను’ అంటుంది. శిక్షణ లేని చేయి అక్కడ సున్నా వేసి ముందుకు పోతుంది. శిక్షణ ఉన్నవాళ్లు ఆగి అడుగుతారు: ‘మీరు ఊరెళ్లిన రోజు ఎవరు పెడతారు? బళ్లో మధ్యాహ్న భోజనం ఎలా తింటాడు?’ చేతకాక చేయని పని వేరు, ఇంట్లో చేయనివ్వక చేయని పని వేరు. ఈ రెండింటికీ ఆ స్కేలులోనే వేర్వేరు గుర్తులున్నాయి. అవి వాడాలంటే కనీసం పదిహేను ఇరవై స్కేళ్లు ఒకరు పక్కన కూర్చుని దిద్దగా వేసి ఉండాలి. నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది) దగ్గర పొరపాటు మరోలా వస్తుంది. నాలుగో తరగతి పిల్లవాడు ‘పుస్తకం’ అనే మాటను ‘పుసతకం’ అని రాశాడు. ఒత్తు పట్టుకోలేని ఇబ్బంది వాడిలో ఉందా, లేక ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో ఉండి తెలుగు ఒత్తులు సరిగా నేర్చుకోనే లేదా? వాడి నోటుపుస్తకాలు, చెవి పరీక్ష, కంటి పరీక్ష, టీచరు మాట, ఐక్యూ అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తేలదు. ఒక్క పరీక్ష వేసి సంతకం పెట్టే పని కాదది.

ఇక తీర్పు ప్రస్తావించిన విద్యార్థుల సంగతి. ఒక అబ్బాయి కౌన్సెలర్ గదిలోకి వచ్చి ‘నాకు బతకాలని లేదు’ అన్నాడనుకోండి. శిక్షణ లేనివారు భయంతో చేసే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ‘అలా అనకూడదు, అమ్మానాన్నల గురించి ఆలోచించు’ అని హితవు చెబుతారు. అబ్బాయి నోరు అక్కడితో మూతపడుతుంది. ‘ఎవరికీ చెప్పను’ అని మాటిస్తారు. తర్వాత చెప్పక తప్పదు, నమ్మకం పోతుంది. ‘అలాంటి పని చేయను’ అని కాగితం మీద రాయించుకుంటారు. ఆ కాగితం ప్రాణాన్ని కాపాడుతుందనడానికి ఆధారం లేదు. కొందరైతే పోలీసు కేసవుతుందని బెదిరిస్తారు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే పరిగణించి సంరక్షణ ఇవ్వాలని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతున్నా, ఈ బెదిరింపు ఆగలేదు.

శిక్షణ ఉన్నవారు నేరుగా అడుగుతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎంత తరచుగా, ఎలా అని ఆలోచించావా, దగ్గర ఏమైనా పెట్టుకున్నావా, ఇంతకు ముందు ప్రయత్నించావా? అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడం వల్ల బరువు దిగుతుందే గానీ పెరగదు. ప్రమాదం ఎక్కువనిపిస్తే అబ్బాయిని ఒంటరిగా వదలరు. ఎవరికి చెప్పబోతున్నారో ముందు అతనికే చెప్పి, తర్వాత తల్లిదండ్రులను పిలుస్తారు. హానికి వాడగల వస్తువులు గదిలోంచి తీయిస్తారు. అదే రోజు సైకియాట్రిస్టుకు చూపిస్తారు. మర్నాడు మళ్లీ కలుస్తారు. జరిగిందంతా సమయంతో సహా రాసి పెడతారు. వినడానికి ఇవి ఏడెనిమిది వాక్యాలే. ఎదురుగా ఏడుస్తున్న పిల్లవాడు ఉన్నప్పుడు ఇవి నోటికి రావాలంటే ముందే చాలాసార్లు సాధన చేసి ఉండాలి. రోల్‌ప్లే చేయాలి, సీనియర్ పక్కన కూర్చుని చూడాలి, తర్వాత సీనియర్ చూస్తుండగా చేయాలి.

ఇలాంటి శిక్షణ ఇచ్చే ప్రధాన దారి ఇప్పుడు మూసుకుపోయే స్థితిలో ఉంది. ఎంఫిల్ డిగ్రీని ఆపేస్తూ యూజీసీ 2022లో నిబంధనలు తెచ్చింది. అన్ని సబ్జెక్టుల ఎంఫిల్‌తోపాటు ఇదీ అందులో కొట్టుకుపోయింది. ఇది పేరుకు ఎంఫిల్ అయినా పనికి వైద్యవిద్య లాంటిదని అందరూ మొత్తుకున్నాక, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ 2025-26 విద్యా సంవత్సరం ప్రవేశాల వరకు గడువిచ్చింది. ఆ స్థానంలో వచ్చే కోర్సు పేరేదైనా మాకు అభ్యంతరం లేదు. సైడీ (సైకాలజీలో డాక్టరేట్ కోర్సు) కావచ్చు, క్లినికల్ సైకాలజీలోనే పీజీ కావచ్చు. ఆసుపత్రిలో గడిపే సమయం, సూపర్‌వైజర్ల సంఖ్య తగ్గకూడదన్నదే మా పట్టుదల. దీన్ని కేంద్రానికి రాష్ట్రం తరఫున రాతపూర్వకంగా చెప్పండి.

సీట్ల విషయం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఈ రంగానికి పేరున్న జాతీయ మేధో దివ్యాంగుల సంస్థ, ఎర్రగడ్డ ఆసుపత్రి విభజన తర్వాత అటువైపు ఉండిపోయాయి. మనకు విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనుమతికి కావాల్సింది భవనాల కంటే ముందు అధ్యాపకులు: రెగ్యులర్ జీతంతో, రిజిస్టర్‌లో పేరున్న క్లినికల్ సైకాలజిస్టులు. కాంట్రాక్టు మీద ఏడాదికోసారి మారిపోయే వ్యక్తి సూపర్‌వైజర్ కాలేరు. ట్రైనీ మొదలుపెట్టిన థెరపీ కేసు పూర్తయ్యేలోపే ఆయన వెళ్లిపోతారు. ట్రైనీలకు స్టైపెండ్ ఇవ్వండి. రెండేళ్లు పూర్తికాలం ఆసుపత్రిలో ఉండేవాళ్లు బయట ఉద్యోగం చేసుకోలేరు, కలిగినవారి పిల్లలే ఈ చదువులోకి రావడం ఇందుకే.

పరీక్ష గురించి కూడా ఒక మాట. మన దేశంలో చదువు, సూపర్‌విజన్ గంటలు పూర్తయ్యాక విడిగా లైసెన్సు పరీక్ష రాసే పద్ధతి లేదు. కోర్సు పాసైతే రిజిస్ట్రేషన్ వస్తుంది. అమెరికా వెళ్లిన మన పిల్లలు సైకాలజిస్టు లైసెన్సు కోసం ఈపీపీపీ అనే 225 ప్రశ్నల పరీక్ష నాలుగుంపావు గంటల్లో రాయాలి. దాన్ని అలాగే తెచ్చుకోమని మేం అనం. బహుళైచ్ఛిక ప్రశ్నలు చదివింది గుర్తుందా అని చూస్తాయి. ఏడుస్తున్న మనిషి ముందు ఎలా కూర్చుంటారో చూడలేవు. కాలేజీ కౌన్సెలర్లకు రాష్ట్రం పెట్టాల్సింది ప్రాక్టికల్ పరీక్ష, అదీ తెలుగులో. వైద్యవిద్యలో ఉన్నట్టే స్టేషన్లు పెట్టండి, ఒక్కో స్టేషన్‌కు పది నిమిషాలు. ఒకచోట ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయాలి. ఒకచోట కోపంగా ఉన్న తండ్రితో మాట్లాడాలి. ఒకచోట రిఫరల్ లెటర్ రాయాలి. ఏ విషయం గోప్యంగా ఉంచాలి, ఏది ఉంచకూడదు అన్నది ఒకచోట తేల్చాలి. పరీక్షకులు వేరే సంస్థ నుంచి రావాలి.

అందరికీ క్లినికల్ సైకాలజీ డిగ్రీ కావాలని మేం పట్టుపట్టడం లేదు; అంతమంది లేరు, ఇప్పట్లో రారు. వంద మంది దగ్గర ఉండే కౌన్సెలర్‌కు సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ, దానిపైన కనీసం 300 గంటల సూపర్‌విజన్ శిక్షణ, పైన చెప్పిన పరీక్ష చాలు. అయితే ప్రతి పదిమంది కౌన్సెలర్లకు ఒక రిజిస్టర్డ్ క్లినికల్ సైకాలజిస్టు వారానికి రెండు గంటలు కేసులు దిద్దాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని పోస్టులను ఇందుకు వాడుకోవచ్చు, కాకపోతే వాటిని ముందు అర్హులతో నింపాలి. ‘అభ్యర్థులు దొరక్కపోతే ఎంఏ చాలు’ అని నోటిఫికేషన్‌లో సడలింపు ఇస్తే, దిద్దేవారికే దిద్దుబాటు కావాల్సి వస్తుంది. శిక్షణలో చూసిన కేసులు రాసే లాగ్‌బుక్కును నెలనెలా ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయించండి. కోర్సు చివర ఒకేసారి సంతకాలు పెట్టించుకునే అలవాటు అన్ని వృత్తి కోర్సులకూ పట్టిన చీడ. ఎక్స్‌టర్నల్ పరీక్షకులు ఆ లాగ్‌బుక్కులోంచే తమకు తోచిన కేసు తీసి ప్రశ్నిస్తే అది చాలావరకు ఆగుతుంది. వంద మంది కంటే తక్కువ ఉన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలని కోర్టు చెప్పింది. ఆ ఒప్పందంలో నిపుణుల రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి చేయండి.

కౌన్సెలింగ్ గది తలుపు మీద టెలీమానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 పక్కనే ఆ కౌన్సెలర్ పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు, ఆయన్ని సూపర్‌వైజ్ చేసేవారి సీఆర్ఆర్ నంబరు ఉండాలని జీవోలో ఒక వాక్యం చేర్చండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు. లాగ్‌బుక్ నమూనా, స్టేషన్ల పరీక్షకు మార్కుల పట్టిక తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. వచ్చే ఇంటర్ ప్రవేశాలు మొదలయ్యేలోగా నిబంధనలు వెలువడేలా చూడమని కోరుతున్నాం.

ఇట్లు,
క్లినికల్ సైకాలజీ బోధనలో, సేవలో ఉన్న కొందరం