గుర్రం మోకాలికి ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే సూది

సంపాదకులకు నమస్కారం.

పందెం మధ్యలో గుర్రం కాలు విరిగి కూలబడితే, దాన్ని దురదృష్టమనో తప్పటడుగనో రాసి ఊరుకోవడం వార్తల్లో మామూలైపోయింది. పందెపు గుర్రాల కీళ్లకు చాలాకాలంగా చికిత్స చేస్తున్న పశువైద్యుడిగా ఆ మాటను నేను ఒప్పుకోలేను. మోకాలి ఎముకల విషయంలో ఆ విరగడం చాలావరకు ఒక్క అడుగులో జరిగేది కాదు; వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి లోలోపల ముదురుతూ వచ్చినదే. ఆ వ్యవధిలో దాన్ని పట్టుకునే సాధనాలు వైద్యుల చేతిలో ఉన్నాయి. వాటిని వాడకుండానే వాచిన కీలులోకి వాపు, నొప్పి తగ్గించే స్టెరాయిడ్ మందును సూదితో ఎక్కించి గుర్రాన్ని మళ్లీ పరుగుకు దించే అలవాటును నిబంధన పెట్టి ఆపాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గుర్రం ముందుకాలి మోకాలు నిర్మాణంలో మన మణికట్టు లాంటిది. రెండు వరసలుగా పేర్చినట్టుండే చిన్న ఎముకలు అక్కడ ఉంటాయి. పూర్తి దౌడులో ఒక్కో ముందుకాలి మీద శరీర బరువుకు రెండింతలకు మించిన భారం పడుతుంది. గుర్రం అలసేకొద్దీ మోకాలు ఉండాల్సిన దానికన్నా వెనక్కి వంగి, ఆ ఎముకల ముందు అంచులు ఒకదానికొకటి గట్టిగా గుద్దుకుంటాయి. శిక్షణ భారానికి తగ్గట్టు ఎముక తనను తాను గట్టిపరచుకుంటుంది గానీ, అందుకు విశ్రాంతి రోజులు కావాలి. అవి దొరకనప్పుడు కీలులో ఎముకల కొసలను కప్పే మెత్తని పొర (మృదులాస్థి) కింది ఎముక మితిమీరి బిరుసెక్కి, సన్నని పగుళ్లు పడి, చివరికి తెగుతుంది. పై వరసలోని రేడియల్ కార్పల్ ఎముక కింది అంచు, కింది వరసలోని మూడో కార్పల్ ఎముకలో కాలి లోపలివైపు భాగం ఎక్కువగా దెబ్బతినే చోట్లు. అంచు నుంచి చిన్న ముక్క రాలితే చిప్ ఫ్రాక్చర్ అంటారు. ఎముక పై కీలు నుంచి కింది కీలు దాకా నిలువునా చీలితే అది స్లాబ్ ఫ్రాక్చర్. దాని తీవ్రత వేరు.

గుర్తించడంలో మొదటి చిక్కు ఏమిటంటే, చాలా గుర్రాలకు రెండు మోకాళ్లూ ఒకేసారి దెబ్బతింటాయి. అప్పుడు గుర్రం ఒక కాలు కుంటదు, తల ఊపదు. అడుగు మాత్రం పొట్టిగా పడుతుంది, ముందుకాళ్లు ఎడంగా వేసి నడుస్తుంది. చూసేవాళ్లు "ఇవాళ హుషారుగా లేదు" అనుకుని వదిలేస్తారు. చేత్తో పరీక్షిస్తే విషయం తెలుస్తుంది. కాలెత్తి మోకాలు మడిచి, ఎముకల ముందు అంచుల వెంట బొటనవేలితో ఒక్కొక్క చోటే నొక్కుతూ పోతే, దెబ్బ ఉన్న చోటికి రాగానే గుర్రం కాలు లాక్కుంటుంది. కీలు ముందు భాగంలో వేలి కింద నీటి సంచిలా కదిలే వాపు ఉంటుంది. ఒక నిమిషం పాటు మోకాలు మడిచి పట్టుకుని వెంటనే ట్రాట్ (చిన్న పరుగు) చేయిస్తే, అంతకుముందు కనబడని కుంటు బయటపడుతుంది. ఇంకా అనుమానం ఉంటే కీలులోకి మత్తుమందు ఇచ్చి కుంటు తగ్గుతుందేమో చూస్తాం. అయితే ఎముక చీలిందన్న అనుమానం ఉన్నప్పుడు ఆ పని చేయకూడదు. నొప్పి తెలియని గుర్రం ఆ కాలి మీద పూర్తి బరువు మోపి సగం చీలికను పూర్తి చీలికగా మార్చుకుంటుంది.

ఆ తర్వాత ఎక్స్‌రే. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి ఏమీ లేదని చెప్పేయడం పెద్ద పొరపాటు. ఏటవాలు కోణాల నుంచీ, మోకాలు మడిచి పక్క నుంచీ తీయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మడిచిన మోకాలిని పైనుంచి కిందికి చూసే స్కైలైన్ చిత్రం తీయాలి. మూడో కార్పల్ ఎముక బిరుసెక్కి తెల్లగా మారడం, అందులో సన్నని చీలిక గీత చాలాసార్లు ఆ ఒక్క చిత్రంలోనే కనిపిస్తాయి. కొత్త పగులు మొదటిరోజు ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు కాబట్టి పది పదిహేను రోజులకు మళ్లీ తీయాలి. అప్పటికీ తేలకపోతే ఎముక స్కాన్, సీటీ, ఎంఆర్ఐ ఉన్నాయి.

సకాలంలో తెలిస్తే చికిత్స బాగా పనిచేస్తుంది. చిప్ ఫ్రాక్చర్‌కు ఆర్త్రోస్కోపీ చేస్తాం: చిన్న కోత గుండా కెమెరా పంపి, ఊడిన ముక్కను తీసేసి, చుట్టూ చితికిన మృదులాస్థిని, మెత్తబడిన ఎముకను గీకి శుభ్రం చేస్తాం. వెయ్యి కీళ్లలో చేసిన ఇలాంటి శస్త్రచికిత్సల ఫలితాలు 1987లోనే వెలువడ్డాయి. వాటిని బట్టి పందెపు గుర్రాల్లో దాదాపు మూడింట రెండు వంతులు మునుపటి స్థాయికి తిరిగొచ్చాయి; మృదులాస్థి బాగా పాడైన వాటిలో మాత్రం సగం గుర్రాలే ఆ స్థాయిని అందుకున్నాయి. ఆలస్యం ఖరీదు ఆ తేడాలోనే ఉంది. స్లాబ్ ఫ్రాక్చర్‌కు స్క్రూ బిగించి చీలికను దగ్గరకు లాగుతాం, ఆ తర్వాత నెలల విశ్రాంతి తప్పదు. ఎముక ముక్కలు చెక్కలైపోతే గుర్రాన్ని బతికించడమే గగనం. కాల్చిన ఇనుముతో మోకాలికి వాతలు పెట్టడం ఇప్పటికీ చికిత్సగా చలామణి అవుతున్న చోట్లున్నాయి. ఆ వాత కీలు లోపలి ఎముకకు చేసే మేలు ఏమీ లేదు, గుర్రానికి మిగిలేది బాధే.

స్టెరాయిడ్ సూదికి వైద్యంలో చోటు లేదని నేను అనడం లేదు. ఎముక సురక్షితంగా ఉందని చిత్రాల్లో తేలిన కీలులో, తగిన మందు తగిన మోతాదులో, తర్వాత విశ్రాంతితో ఇస్తే అది మంట తగ్గించి మేలే చేస్తుంది. పగులు ఉన్న కీలులోకి అదే మందు ఇస్తే వాపు దిగుతుంది, గుర్రం తేలిగ్గా నడుస్తుంది, యజమాని సంతోషిస్తాడు. లోపలి పగులు మాత్రం దౌడు దౌడుకూ పెరుగుతుంది. పైగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు పదేపదే వాడితే మృదులాస్థి కూడా దెబ్బతింటుంది.

అమెరికాలో 2023 మేలో అమల్లోకి వచ్చిన జాతీయ మందుల నియంత్రణ నిబంధనల ప్రకారం, కీలులోకి సూది వేశాక 14 రోజుల పాటు ఆ గుర్రం పందెంలో పాల్గొనకూడదు. మంచి నిబంధనే గానీ గడువు ఒక్కటే చాలదు. వాచిన మోకాలికి స్కైలైన్‌తో సహా పూర్తి ఎక్స్‌రేలు తీసి, వాటిని ట్రైనర్ నుంచి జీతం తీసుకోని పశువైద్యుడు చూసి సంతకం పెట్టిన తర్వాతే సూది వేయాలని పందేల నిర్వాహకులు నిర్ణయించాలి. ఆ చిత్రాలు, వేసిన ప్రతి సూది వివరం గుర్రం పేరిట నమోదై, అది చేతులు మారినప్పుడు కొత్త యజమానికీ అందాలి. ఇప్పుడు జరుగుతున్నట్టు గుర్రం అమ్ముడుపోగానే దాని మోకాలి చరిత్ర పాత లాయంలోనే ఉండిపోతే, కొత్త వైద్యుడు అదే కీలుకు, ఏమీ తెలియక, మళ్లీ సూది వేస్తాడు.

భవదీయుడు,
ఒక పశువైద్యుడు