లిటిల్ టర్టిల్ కథ యుద్ధంతో ముగియలేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కొలంబస్ దినాన్ని చాలాచోట్ల మూలవాసుల దినంగా జరుపుకోవడం మొదలయ్యాక, అక్టోబరు రాగానే మన ఆదివారం అనుబంధాల్లోనూ అక్కడి ఆదివాసుల మీద వ్యాసాలు కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ అన్నిటిదీ ఒకే మూస. ఈకల కిరీటం, గుర్రం, వీరోచిత పోరు, ఓటమి. అంతటితో సరి. మయామీ జాతి నాయకుడు లిటిల్ టర్టిల్‌ను ఈ మూసలో పోస్తే అసలు విషయమే జారిపోతుంది. ఆయన చేసిన ఆఖరి యుద్ధాలు 1794 నాటివి. చనిపోయింది 1812 జులై 14న. తెల్లవాళ్ల వలస ఒక జాతి నేలను ఎలా మింగిందో తెలిసేది ఈ మధ్యలోని 18 ఏళ్లలోనే.

ముందు చిన్న దిద్దుబాట్లు. ఈ మయామీలకూ ఫ్లోరిడాలోని మయామీ నగరానికీ ఏ సంబంధమూ లేదు. పేర్లు కలిశాయంతే. వీళ్లు నేటి ఇండియానా, పశ్చిమ ఒహాయో ప్రాంతాల వాళ్లు. తమను తాము మయామియా అని పిలుచుకుంటారు. వీపు దాకా వేలాడే ఈకల కిరీటం పశ్చిమ మైదానాల జాతులది, వీళ్లది కాదు. వీళ్లు ఉన్నవి గుడారాల్లోనూ కాదు, చెట్టు బెరడూ చాపలూ కప్పిన గుండ్రటి పైకప్పు ఇళ్లలో. గుర్రం మీద తిరిగి వేటతోనే బతికారనడమూ తప్పే. 1794లో మౌమీ నది ఒడ్డున మొక్కజొన్న చేలు చూసి, ఇంత విస్తారమైన చేలు కెనడా నుంచి ఫ్లోరిడా దాకా ఎక్కడా చూడలేదని శత్రు సేనాని ఆంథొనీ వేన్ స్వయంగా రాశాడు. రాసి, తగలబెట్టించాడు.

‘తెగ రాజు’ అనే మాట కూడా పొసగదు. మయామీల్లో శాంతి వ్యవహారాలు చూసే నాయకుడు వేరు, యుద్ధ నాయకుడు వేరు. లిటిల్ టర్టిల్ యుద్ధ నాయకుడు. ఆయన కాలంలో ఊరి పెద్దరికం పకాన్ అనే ఆయనది. భూమి ఇచ్చేయడానికి ఏ ఒక్కరికీ సొంతంగా అధికారం లేదు. ఈ సంగతి పట్టుకోకపోతే తర్వాతి ఒప్పందాల్లో తగాదా ఎక్కడ పుట్టిందో అర్థం కాదు.

వాళ్ల ముఖ్య పట్టణం కెకియోంగా. నేటి ఫోర్ట్ వేన్ నగరం ఉన్నచోటు. సెయింట్ జోసెఫ్, సెయింట్ మేరీస్ నదులు అక్కడ కలిసి మౌమీ అవుతాయి. అక్కణ్నుంచి ఎనిమిది తొమ్మిది మైళ్లు పడవల్నీ సరుకునీ భుజాన మోస్తే వబాష్ నదిలోకి నీటిదారి దొరుకుతుంది. అంటే ఈరీ సరస్సు నుంచి మిసిసిపీ దాకా జరిగే బొచ్చు వ్యాపారానికి ఇది ఇరుకు మెడ లాంటిది. ఆ మోత దారి మీద వచ్చే రాబడి మయామీలది. అధ్యక్షుడు వాషింగ్టన్ ప్రభుత్వం కోట కట్టాలని మొదటి నుంచీ కన్నేసింది కూడా ఇక్కడే.

యుద్ధాల గురించి మీ పాఠకులు చదివే ఉంటారు. 1790 అక్టోబరులో అమెరికా జనరల్ హార్మర్‌ను తిప్పికొట్టారు. 1791 నవంబరు 4న లిటిల్ టర్టిల్, షానీ నాయకుడు బ్లూ జాకెట్ కలిసి సెయింట్ క్లెయిర్ దండును తెల్లవారుజామున చుట్టుముట్టారు. 600 మందికి పైగా సైనికులు చనిపోయారు. ఆదివాసుల చేతిలో అమెరికా సైన్యానికి ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. 1794 జూన్ 30న ఫోర్ట్ రికవరీ అనే అమెరికా కోట మీద దాడి మాత్రం విఫలమైంది, ఎందుకంటే దుంగల కోటను తుపాకులతో పగలగొట్టలేరు. ఫిరంగులు కావాలని డెట్రాయిట్ వెళ్లి అడిగితే బ్రిటిష్ వాళ్లు ఇవ్వలేదు. దాంతో లెక్క తేలిపోయి ఆయన సంధి మాట ఎత్తాడు, మిగతావాళ్లు వినలేదు. ఆగస్టు 20న ఫాలెన్ టింబర్స్ దగ్గర ఓడి పరుగెత్తుకొస్తే, దగ్గర్లోని బ్రిటిష్ కోట తలుపులు మూసేసుకుంది.

ఇక అసలు సంగతి గ్రీన్‌విల్ ఒప్పందం, 1795 ఆగస్టు 3. వ్యాసాల్లో దీనికి దక్కేది ఒక్క వాక్యం. ఆ కాగితంలో ఏముందో చూడండి. నేటి ఒహాయోలో ఎక్కువ భాగం, ఇండియానాలో ఒక ముక్క పోయాయి. ఒప్పందం గీసిన సరిహద్దు గీతకు అవతల మిగిలిన నేలలో కూడా 16 చోట్ల కోటలకూ వర్తక కేంద్రాలకూ భూమి కోసి ఇవ్వాలి. కెకియోంగా దగ్గర ఆరు మైళ్లకు ఆరు మైళ్లు, అంటే 23,040 ఎకరాలు. మోత దారి అవతలి చివర రెండు మైళ్లకు రెండు మైళ్లు. ఆ మోత దారి అనే ద్వారం మాకు పూర్వీకులిచ్చినదని లిటిల్ టర్టిల్ సభలో గట్టిగా వాదించాడు, దక్కలేదు. బదులుగా 12 జాతులకు అప్పటికప్పుడు 20,000 డాలర్ల సరుకు, ఆపైన ఏటా 9,500 డాలర్ల సరుకు. ఏటా మయామీల వాటా 1,000. భాషా బంధువులైన వియా, ఈల్ రివర్, పియాంకషా వాళ్లను విడిగా లెక్కించి తలా 500. సరుకు విలువను కొన్న ఊరి ధరకే కట్టాలి, రవాణా ఖర్చు కలపకూడదు అనే షరతు కూడా ఉంది. ఇది నిజంగా మంచి షరతు.

ఉరి పడింది అయిదో అంశంలో. మిగిలిన నేల మీదే, హాయిగా వేటాడుకోండి, పంట వేసుకోండి, కానీ ఎప్పుడు అమ్మినా అమెరికా ప్రభుత్వానికే అమ్మాలి. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర ఎవరు చెబుతారో సంతకు వెళ్లిన ఎవరికైనా తెలుసు. ఇంకో విడ్డూరం, ఆ సభలో దుబాసీ విలియం వెల్స్ లిటిల్ టర్టిల్‌కు స్వయానా అల్లుడు. చిన్నప్పుడు మయామీలకు పట్టుబడి వాళ్లింట పెరిగిన తెల్లవాడు. 1791లో మామ పక్షాన పోరాడి, తర్వాత వేన్‌కు వేగులవాడయ్యాడు.

సంతకం పెట్టాక లిటిల్ టర్టిల్ మాట తప్పలేదు. 1801-02 చలికాలంలో రాజధానికి వెళ్లి అధ్యక్షుడు జెఫర్సన్‌ను కలిశాడు. అక్కడ మశూచి రాకుండా ఆవు మశూచి టీకా వేయించుకున్నాడు, మందు ఇంటికీ తీసుకెళ్లాడు. జెన్నర్ ఆ పద్ధతిని ప్రకటించి అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు! సారా వ్యాపారాన్ని ఆపమని అడిగాడు. 1802 మార్చి 30 నాటి చట్టం అధ్యక్షుడికి ఆ అధికారం ఇచ్చింది, అడవిలో దాన్ని అమలు చేసే నాథుడు లేడు. దున్నడం నేర్పమని బాల్టిమోర్‌లోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లను కోరితే 1804లో ఫిలిప్ డెన్నిస్ అనే రైతును పంపారు. అతను వబాష్ పక్కన దాదాపు 20 ఎకరాలు సాగు చేసి చూపించాడు. ఒకరిద్దరు తప్ప మగవాళ్లెవరూ నాగలి పట్టలేదు. సోమరితనం కాదు. అక్కడ సేద్యం ఆడవాళ్ల పని, ఆ విద్య వాళ్ల చేతిలోదే. నేర్పించబోయింది పని రాని మగవాళ్లకు.

ఆయన్ను దేవుణ్ని చేయనవసరం లేదు. 1809 సెప్టెంబరు 30న ఫోర్ట్ వేన్‌లో దాదాపు 30 లక్షల ఎకరాలు ఇచ్చేసిన ఒప్పందం మీద ఆయన సంతకమూ ఉంది. భూమి అన్ని జాతుల ఉమ్మడి సొత్తు, ఏ ఒక్కరూ అమ్మలేరని షానీ నాయకుడు టెకమ్సే ఎదురు తిరిగినప్పుడు లిటిల్ టర్టిల్ అతని వెంట నడవలేదు. కడకు గౌట్ జబ్బుతో అల్లుడి ఇంట్లో కన్నుమూశాడు. సైనిక లాంఛనాలతో పూడ్చిపెట్టారు. రెండు నెలలు దాటగానే అదే సైన్యం ఈల్ నది ఒడ్డున ఉన్న ఆయన ఊరిని కాల్చింది.

1840 ఒప్పందంతో మయామీలకు ముట్టింది 5,50,000 డాలర్లు. అందులో 3,00,000 వర్తకుల అప్పులకే పోయాయి. 1846 అక్టోబరులో ఇండియానాలోని పెరూ పట్టణం దగ్గర కాలువ పడవలెక్కించి కాన్సస్ తరలించారు, అక్కణ్నుంచి తర్వాత ఓక్లహోమాకు.

అందుకే మీ ఉపసంపాదకులకు మూడు మనవులు. ‘రెడ్ ఇండియన్’ అనే మాట మానేసి జాతి పేరు రాయండి. ‘భూమి కోల్పోయారు’ అని దాటవేయకుండా ఏ సంవత్సరం, ఏ ఒప్పందం, ఎంత నేల, ఎంత సొమ్ము అని రాయండి. ఒప్పందం కింద రాసిచ్చిన నేలకు మన దగ్గర పాత మాట ఉంది. 1800లో నిజాం ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చిన జిల్లాలను దత్త మండలాలన్నాం, ఆ మాట ఇక్కడా అతుకుతుంది. మూడోది వ్యాకరణం. మయామీలు ‘ఉండేవారు’ అని రాయకండి. ఓక్లహోమాలో వాళ్ల జాతి ప్రభుత్వం మయామీ అనే ఊళ్లోనే ఉంది, స్థానికులు ఆ పేరును ‘మయామా’ అంటారు. మాట్లాడేవాళ్లు లేకుండా పోయిన వాళ్ల భాషను పాత రాతప్రతుల నుంచి మళ్లీ తీసి, ఒహాయోలో తమ పేరే పెట్టుకున్న విశ్వవిద్యాలయంతో కలిసి పిల్లలకు నేర్పుతున్నారు.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు,
విజయవాడ