అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో ఏ పెట్రోలు బంకులోనో, ఏ స్టోరులోనో పనిచేస్తున్న మన పిల్లవాడు దోపిడీ దొంగల తూటాకు బలయ్యాడన్న వార్త మీ పత్రికలో వచ్చినప్పుడల్లా మా ఊరి నుంచి నాకు ఫోన్లు వస్తాయి. పలకరింపులయ్యాక అందరూ అడిగేది ఒకటే: "అక్కడ తుపాకులు కూరగాయల్లా అమ్ముతారట కదా, నువ్వూ ఒకటి కొని గల్లాపెట్టె కింద పెట్టుకోరాదా?" ఉత్తర కరోలినా రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో పన్నెండేళ్లుగా పెట్రోలు బంకు, దాన్ని ఆనుకుని స్టోరు నడుపుతున్న నేను ఆ ప్రశ్నకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంతవరకు ఇది నా గోడు కూడా.

ముందుగా ఒక మాట. తుపాకీ అడిగినవాడి పూర్వాపరాలు విచారించాల్సిందే. అలా విచారించకుండా చేతికిచ్చే దుకాణం మా వీధిలో ఉంటే అందరికంటే ముందు భయపడేది నేనే, ఎందుకంటే రాత్రి పదకొండింటికి తలుపు తోసుకుని వచ్చే ప్రతివాడికీ మొదట ఎదురుపడేది మా కౌంటరే. నా బాధంతా, చట్టంలో గడువులు రాసి ఉండి కూడా దరఖాస్తుదారుడికి అవుననో కాదనో ఎవరూ చెప్పకపోవడం గురించి.

1981లో అప్పటి అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు తలకు తూటా తగిలి జీవితాంతం చక్రాల కుర్చీ పాలైన ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ పేరుతో 1993లో ఒక చట్టం వచ్చింది. లైసెన్సు ఉన్న వ్యాపారి ఎవరైనా తుపాకీ అమ్మే ముందు కొనేవాడి వివరాలను కేంద్ర ప్రభుత్వానికి పంపి విచారించాలన్నది దాని సారాంశం. అందుకోసం ఎఫ్‌బీఐ ఏర్పాటు చేసిన వ్యవస్థ 1998 నవంబరు 30న మొదలైంది. దాని కార్యాలయం పశ్చిమ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో ఉంది. అక్కడి నుంచి వచ్చే జవాబులు మూడే: ఇవ్వవచ్చు, ఇవ్వకూడదు, ఆగండి. ఈ మూడోదాన్ని ఇక్కడ 'డిలేడ్' అంటారు. 1999లో మొత్తం 91 లక్షల విచారణలు జరిగితే, కరోనా వచ్చిన 2020లో అవి 3 కోట్ల 97 లక్షలకు చేరాయి. అంత రద్దీలోనూ పదింటిలో తొమ్మిదింటికి సుమారుగా నిమిషాల్లోనే జవాబు వస్తుందని ఒప్పుకోవాలి. మిగిలిన ఆ ఒక్కటిలో మనవాళ్లు తరచుగా ఎందుకు పడతారో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

రెండేళ్ల కిందట మా స్టోరులో రాత్రి షిఫ్టు చేస్తున్న అరవై ఏళ్ల పెద్దావిడకు ఎవడో ముసుగువాడు పిస్తోలు చూపించి గల్లా ఖాళీ చేసుకుపోయాడు. ఆమెకు దెబ్బ తగల్లేదు కానీ తిరిగి పనిలోకి రాలేదు. ఆ నెలలోనే నేను తుపాకుల దుకాణానికి వెళ్లి 4473 అనే ఫారం నింపాను. మొదటి గడి దగ్గరే చిక్కు వచ్చింది. నా పేరులో మూడు మాటలున్నాయి; పాస్‌పోర్టులో వాటిలో రెండు ఒక గడిలో, ఇంటిపేరు ఒక గడిలో ఉంటాయి; డ్రైవింగ్ లైసెన్సు వారు నడిమి మాటను మొదటి అక్షరానికి కుదించారు; గ్రీన్‌కార్డు మీద చోటు చాలక చివరి రెండక్షరాలు ఎగిరిపోయాయి. కౌంటరులోని కుర్రాడు మూడు కార్డులను పక్కపక్కన పేర్చి, వీటిలో అసలు పేరు ఏదని మర్యాదగానే అడిగాడు. అన్నీ నావేనన్నాను. అతను వివరాలు కంప్యూటరులోకి ఎక్కించి, కాసేపటికి తెరను నా వైపు తిప్పాడు: డిలేడ్.

మన ఇంటిపేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. బడి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ముందుంటుంది, అమెరికా కాగితాల్లో వెనక్కి పోతుంది. ఒకరికి రెడ్డి, రావు అన్నవే ఇంటిపేర్లయి కూర్చుంటాయి. లక్ష్మి అన్న పేరు చివర ఇంగ్లీషులో ఐ రాయాలో వై రాయాలో ఒక్కో గుమాస్తాది ఒక్కో నమ్మకం. పెళ్లయ్యాక ఆడవారికి మరో పేరు వచ్చి చేరుతుంది. వెంకట అని మొదలయ్యే పేర్లూ, ఒకే పుట్టినతేదీలూ ఎన్ని వేలుంటాయో ఊహించుకోవచ్చు. పైగా 4473 ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు రాయడం ఐచ్ఛికం. మోసాల భయంతో మనవాళ్లు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. పేర్లు కలిసిపోయినప్పుడు మనిషిని విడిగా గుర్తించడానికి పనికొచ్చేది ఆ నంబరే.

దీనికి తోడు, పౌరసత్వం లేని వ్యక్తి దరఖాస్తు చేస్తే ఎఫ్‌బీఐ తన పట్టికలు చూసి ఊరుకోదు. ఇమ్మిగ్రేషన్ శాఖ రికార్డులను కూడా విడిగా అడుగుతుంది. నాకు గ్రీన్‌కార్డు వచ్చి పన్నెండేళ్లయినా, ఊళ్లో పొలం వ్యవహారం తేలక పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోలేదు. అది నా స్వయంకృతమే. గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకీ కొనడానికి చట్టం అడ్డు చెప్పదు. కాకపోతే ఆ రెండో విచారణ తేలేవరకు ఆగాలి.

ఎన్నాళ్లు ఆగాలన్నదే అసలు ప్రశ్న. మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ ఏ సంగతీ తేల్చకపోతే, వ్యాపారి తన ఇష్టం మీద తుపాకీ ఇచ్చివేయవచ్చని బ్రేడీ చట్టమే చెబుతోంది. ఇవ్వాలన్న నిర్బంధం మాత్రం లేదు. నేను వెళ్లిన దుకాణదారు జవాబు వచ్చేదాకా ఇవ్వనన్నాడు, పంతొమ్మిదో రోజున వచ్చింది, తీసుకున్నాను. అప్పుడు విసుగు పడ్డాను కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసింది తప్పని అనలేను.

ఎందుకంటే, మూడు రోజులు గడిచాయి కదా అని ఇచ్చేస్తే ఏమవుతుందో మా పొరుగు రాష్ట్రం 2015లో చూసింది. దక్షిణ కరోలినాలో ఒక యువకుడు ఏప్రిల్‌లో పిస్తోలు కొనబోతే డిలేడ్ వచ్చింది. మాదకద్రవ్యం కేసులో అతను పోలీసుల ముందు ఒప్పుకున్న మాట రికార్డులో ఉంది. ఆ ఒక్క కాగితం దొరికి ఉంటే అమ్మకం ఆగేది. కానీ అరెస్టు చేసింది ఒక ఊరి పోలీసులైతే రికార్డులో మరో కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు పడింది, విచారణ చేస్తున్న ఉద్యోగి అక్కడా ఇక్కడా అడిగి సరైన చోటికి చేరకముందే మూడు రోజులు దాటిపోయాయి, దుకాణం తుపాకీ ఇచ్చేసింది. జూన్ 17 రాత్రి చార్ల్స్‌టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో బైబిలు చదువుకుంటున్న తొమ్మిది మందిని అతను చంపాడు. మర్నాడు మా రాష్ట్రంలోని షెల్బీలో దొరికాడు. బాధిత కుటుంబాలకు 8 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. నన్ను పంతొమ్మిది రోజులు నిలబెట్టినదీ, అతన్ని ఐదు రోజుల్లో వదిలేసినదీ ఒకటే లోపం: ఊరికొక చోట, శాఖకొక చోట పడి ఉన్న కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం. 2022లో వచ్చిన చట్టం 21 ఏళ్ల లోపు వారి విషయంలో అనుమానానికి కారణం కనిపిస్తే గడువును పది పనిదినాలకు పెంచింది. మంచిదే. అయితే గడువు పెంచితే వెతకడానికి సమయం దొరుకుతుంది గానీ, వెతికే కాగితం సరైన సొరుగులోకి తనంతట తాను రాదు.

ఇక పర్మిట్ సంగతి. మా రాష్ట్రంలో పిస్తోలును అందరికీ కనబడేలా నడుముకు కట్టుకుని తిరగడానికి ఏ అనుమతీ అక్కర్లేదు, చొక్కా కింద దాచుకుంటేనే కావాలి. ఇదేమి తర్కమో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. రాత్రి స్టోరు మూసి నగదు సంచితో బ్యాంకు దాకా వెళ్లేవాడు నడుముకు పిస్తోలు వేలాడేసుకుని వెళ్తే దొంగకు దండోరా వేసినట్టే కాబట్టి నాకు ఆ పర్మిట్ అవసరమైంది. ఎనిమిది గంటల శిక్షణ, 80 డాలర్ల రుసుము, వేలిముద్రలకు మరో 10 డాలర్లు. ఇవ్వాల్సింది షెరీఫు, అంటే కౌంటీ పోలీసు అధికారి. 45 రోజుల్లో ఇవ్వాలి, లేదా నిరాకరించాలి అని చట్టం చెబుతోంది.

చదివితే గట్టి గడువులాగే ఉంటుంది. కానీ ఆ 45 రోజుల లెక్క మొదలయ్యేది దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాదు. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన రికార్డులన్నీ షెరీఫు కార్యాలయానికి చేరిన రోజు నుంచి. వాటి కోసం పది రోజుల్లో ఉత్తరం రాయాలని షెరీఫుకు నియమం ఉంది, ఆసుపత్రి ఎన్నాళ్లకు బదులిచ్చినా అడిగేవాడు లేడు. దానికి ముందు వేలిముద్రల కోసం నాకు దొరికిన అపాయింట్‌మెంటు పదకొండు వారాల తర్వాతిది. ఆ పదకొండు వారాలు ఏ లెక్కలోకీ రావు. మొత్తం మీద ఆరు నెలలకు పైగా పట్టింది. మా షెరీఫు కార్యాలయంలోని ఉద్యోగులు దురుసు మనుషులు కారని చెప్పాలి. ఇద్దరే ఉన్నారు, ఫోను మోగుతూనే ఉంటుంది. ప్రాణభయం ఉన్నవారికి 45 రోజుల తాత్కాలిక పర్మిట్ ఇచ్చే వీలు చట్టంలో ఉంది గానీ, భర్త కొడుతున్నాడని కోర్టుకెక్కిన ఆడమనిషికి ఆ మాట కౌంటరులో ఎవరు చెబుతారు?

ఈ జాప్యం వల్ల ఎక్కువగా లాభపడేది తనిఖీయే వద్దనేవారు. పిస్తోలు కొనడానికి షెరీఫు అనుమతి కావాలని ఇక్కడ 1919 నుంచి ఉన్న చట్టాన్ని 2023 మార్చిలో గవర్నరు వీటోను కాదని శాసనసభ రద్దు చేసింది. దాచి తీసుకెళ్లడానికి కూడా పర్మిట్ అక్కర్లేదనే బిల్లును 2025లో ఆమోదించగా గవర్నరు స్టైన్ వీటో చేశారు. పర్మిట్ కోసం నెలల తరబడి తిరిగినవాడికి ఆ బిల్లు న్యాయంగానే కనబడుతుంది. పర్మిట్ ఉండాలని కోరేవాడిగా చెబుతున్నాను: ఆ కార్యాలయాల్లో నలుగురు గుమాస్తాలను పెంచడం, ఆసుపత్రులకూ ఒక గడువు పెట్టడం, ఆ గడువు దాటితే అందుకు కారణాన్ని దరఖాస్తుదారుడికి రాతపూర్వకంగా తెలియజేయడం, ఈ మూడూ జరిగితే ఆ బిల్లుకు సగం బలం పోతుంది.

మన విద్యార్థుల విషయం వేరు. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ కొనడమే కాదు, చేత పట్టుకోవడం కూడా కేంద్ర చట్టం ప్రకారం నేరం. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండవచ్చు. సరదాగా కాల్పుల శిక్షణ కేంద్రానికి వెళ్లి, అద్దె పిస్తోలుతో ఫొటో దిగి అందరికీ పంపే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. తానా, ఆటా వంటి ఇక్కడి తెలుగు సంఘాలు నిర్వహించే న్యాయ సలహా శిబిరాల్లో వీసా, పన్నుల పక్కన ఈ మాటా, కాగితాలన్నిటిలో పేరు ఒకేలా రాయించుకోవడం గురించిన మాటా చేరిస్తే బాగుంటుంది. తరచుగా డిలేడ్ వచ్చేవారు వేలిముద్రలు పంపి ఎఫ్‌బీఐ నుంచి ఒక ప్రత్యేక నంబరు తెచ్చుకుని, తర్వాతి ఫారాల్లో దాన్ని రాసుకునే సదుపాయం ఉందని కూడా చాలామందికి తెలియదు. నాకూ రెండోసారి డిలేడ్ వచ్చాకే తెలిసింది.

వారానికి మూడు రాత్రులు స్టోరు మూసేది నా భార్యే కాబట్టి ఆమె కూడా పర్మిట్‌కు దరఖాస్తు చేసింది. వేలిముద్రలు ఇచ్చి నేటికి డెబ్భై మూడు రోజులు. నిన్న ఫోను చేస్తే, ఒక ఆసుపత్రి నుంచి రికార్డులు ఇంకా రాలేదు, అవి వస్తే గాని 45 రోజుల లెక్క మొదలుకాదు అన్నారు. ఆ ఆసుపత్రిలో ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉత్తర కరోలినా, అమెరికా