గెలిచావా అని అడిగారు కదా

నాన్నా,

నమస్కారం. మొన్న ఫోన్లో నా గుర్రపు పోటీ గురించి "గెలిచావా?" అని మీరు అడిగితే "లేదు, మధ్యలో ఆపేశారు" అని చెప్పి మాట మార్చేశాను. నేను గుర్రం మీంచి పడ్డానని మీరు అనుకునే ఉంటారు. అమ్మయితే కాలో చెయ్యో విరిగిందని ఖాయం చేసేసుకుని ఉంటుంది. నాకేం కాలేదు. జీను ఒరుసుకుని మోకాళ్ళ దగ్గర చర్మం కాస్త లేచిపోయింది, అంతే. అసలు సంగతి ఫోన్లో చెప్పడానికి సిగ్గేసింది, అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, ఇది మీరు టీవీలో చూసే గుర్రప్పందెం కాదు. కొండదారుల్లో 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు, విరామాలతో కలిపి 12 గంటల్లో పూర్తి చెయ్యాలి. ఇక్కడ అమెరికాలో వీటిని నడిపించే సంఘం 1972లో పుట్టింది. "పూర్తి చెయ్యడమే గెలవడం" అన్నది వాళ్ళ నినాదం. కొన్ని పోటీల్లో గడువు లోపల అందరికంటే ఆఖరున వచ్చినవాళ్ళకి కూడా బహుమతి ఇస్తారు. ఇవన్నీ చిన్నవి. కాలిఫోర్నియాలో టెవిస్ కప్ అని 1955లో మొదలైనది ఒకటుంది: సియెర్రా నెవాడా కొండల మీదుగా 24 గంటల్లో 100 మైళ్ళు. బయలుదేరినవాళ్ళలో సగం మంది గమ్యం చేరని ఏళ్ళున్నాయి. దాని జోలికి నేనిప్పట్లో పోను, భయపడకండి.

గుర్రం నాది కాదు. రెండేళ్ళుగా శని, ఆదివారాలు నేను వెళ్ళి సాయం చేస్తున్న పెద్దావిడది. బూడిద రంగు అరబ్బీ ఆడగుర్రం. ఈ పోటీల్లో ఎక్కువగా కనిపించేవి అరబ్బీ జాతివే. ఒళ్ళు సన్నం, వేడి తొందరగా వదిలించుకుంటాయి, గుండె తొందరగా నెమ్మదిస్తుంది. ఆ గుండె సంగతే ఇక్కడ ముఖ్యం.

పొద్దున్నే మైనం బలపంతో గుర్రం పిరుదు మీద నంబరు వేశారు. తన్నే అలవాటున్న గుర్రాల తోకకి ఎర్ర రిబ్బను కడతారు, వాటి వెనక దూరంగా ఉండాలి. మొదటి పది మైళ్ళూ ముందు గుర్రాలను అందుకోవాలని మాది ఒకటే లాగుడు. పగ్గాలు బిగబట్టి నా వేళ్ళు బిగుసుకుపోయాయి. దారిలో వాగు వస్తే మూతి తడుపుకుంది తప్ప తాగలేదు. గుర్రం చెమట దాని రక్తం కంటే ఉప్పన. మనకి చెమట పడితే ఒంట్లో ఉప్పు చిక్కబడి దాహం వేస్తుంది. దానికి నీళ్ళతోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి ఒళ్ళు ఎండిపోతున్నా దాహం సరిగ్గా తెలియదట. అందుకని విరామాల్లో లవణాలు కలిపిన ముద్దని సిరంజితో నోట్లో పెడతాం, అదీ నీళ్ళు తాగాకే.

దిగుడు వచ్చినప్పుడల్లా నేను గుర్రం దిగి పక్కనే పరిగెత్తాను. రూలేమీ కాదు, దాని ముందుకాళ్ళకి బరువు తగ్గించడానికి. ఎక్కుడులో కొందరు గుర్రాన్ని ముందు నడిపించి, తోక పట్టుకుని వెనక నడుస్తారు. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ చాలా సుఖం.

15 మైళ్ళ దగ్గర మొదటి పరీక్ష. పశువైద్యులు వరసగా నిలబడి ఉంటారు. గుండె నిమిషానికి 60కి దిగేదాకా మన విరామం లెక్కలోకే రాదు. ముందు వచ్చినా గుర్రం ఒగరుస్తూ వస్తే అక్కడే నిలబడాలి, వెనక నెమ్మదిగా వచ్చినవాడు మనకంటే ముందు బయటపడతాడు. అందుకే తెలివైనవాళ్ళు ఆఖరి అర మైలు దిగి నడిచి వస్తారు. తర్వాత చిగుళ్ళు నొక్కి రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తారు, మెడ చర్మం గిల్లి చూస్తారు, పొట్టకి స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వింటారు. పేగులు నిశ్శబ్దంగా ఉంటే వాళ్ళ మొహం మారిపోతుంది. మాకు అన్నిట్లోనూ 'ఏ' గ్రేడే. నేను కాస్త పొంగిపోయాను కూడా.

రెండో పరీక్ష 35 మైళ్ళ దగ్గర. గుండె 56. ఇంక ముగిసినట్టే అనుకున్నా. కుంటుతోందేమో చూడ్డానికి పగ్గం పట్టుకుని 125 అడుగులు పరిగెత్తించి వెనక్కి తీసుకొచ్చాను. డాక్టరుగారు మాట్లాడలేదు. "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి పరిగెత్తాం. "తల చూశావా?" అని అడిగారు.

నేను చూడలేదు. నొప్పి ఉన్న ముందుకాలు నేలకి తగలగానే గుర్రం తల పైకెత్తుతుంది, మంచి కాలు పడ్డప్పుడు దించుతుంది. మాది ఎడమ ముందుకాలు పడ్డ ప్రతిసారీ తల లేపుతోంది. చాలా కొద్దిగానే. పైన కూర్చున్న నాకు ఏమీ తెలియలేదు. అక్కడితో మా పోటీ అయిపోయింది, ఇంకా 15 మైళ్ళు ఉండగా. రాయి గుచ్చుకుని ఉండొచ్చు, కండరం అలిసి ఉండొచ్చు అన్నారు డాక్టరుగారు.

పెద్దావిడ వచ్చి కోప్పడలేదు. కాలు తడిమి, చల్లటి నీళ్ళు పోస్తూ ఒక్క మాట అడిగింది: "ఎటువైపు కూర్చున్నావు?"

ఇది మీకు కొంచెం వివరించాలి. ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య పరుగులో, గుర్రం ముందు ఎడమ కాలూ వెనక కుడి కాలూ ఒకసారి వేస్తుంది, తర్వాత రెండో జంట. కుదుపు తగలకుండా రౌతు ఒక జంట నేలమీద ఉన్నప్పుడు జీనులో కూర్చుని, రెండో జంటకి రికాబుల మీద లేస్తాడు. కూర్చున్నప్పుడల్లా మన బరువంతా ఆ జంట మీదే. అందుకని దారి పొడుగునా వైపు మారుస్తూ ఉండాలి. ఈ సంగతి నాకు తెలుసు. కానీ ఒకవైపు నాకు హాయిగా ఉంటుంది, రెండో వైపు నడుము పట్టేస్తుంది. 35 మైళ్ళలో నేను మార్చింది రెండుసార్లో మూడుసార్లో, మిగతా అంతా ఎడమ ముందుకాలి మీదే. కారణం అదేనని ఎవరూ అనలేదు. నేను మాత్రం రాయి అని సరిపెట్టుకోలేకపోతున్నాను.

ఆ రాత్రి డేరాలో నిద్ర పట్టక రెండుసార్లు లేచి టార్చి వేసుకుని వెళ్ళాను. అది తీరిగ్గా గడ్డి నముల్తూ, కళ్ళలో వెలుగు కొడుతున్నందుకు విసుక్కుని వెనక్కి తిరిగింది. మూడోనాటికి తిన్నగా నడిచింది. పదిరోజులకి పెద్దావిడ మళ్ళీ నన్ను ఎక్కనిచ్చింది, నడక మాత్రమే. ఇప్పుడు నా గడియారం ఐదు నిమిషాలకోసారి కూస్తుంది, కూసినప్పుడల్లా వైపు మారుస్తాను. నడుము పట్టేస్తూనే ఉంది. ఈసారి 25 మైళ్ళదానికే పేరు ఇస్తాను, అది కూడా ఆవిడ ఊ అంటేనే.

గుర్రం మీంచి నేను పడలేదని అమ్మకి చెప్పండి. దిగి పక్కన పరిగెత్తేటప్పుడు రెండుసార్లు పడ్డాను, అది చెప్పకండి.

మీ
అమ్మాయి