కర్పూరం, పుదీనా పువ్వు

తిరుపతి

పాపా,

నాయన ఆశీస్సులు. కొట్లో జనం ఉన్న టైములో ఫోన్ చేశావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. అణువుల మధ్య ఆకర్షణ పెరిగితే మరుగు స్థానం, ద్రవీభవన స్థానం రెండూ పెరగాలి కదా, మరి పెంటేన్‌లోని పరమాణువులే వేరే రకంగా అమరిన నియోపెంటేన్, దానికన్నా తక్కువ వేడికే మరిగి, కరగడానికి మాత్రం దానికన్నా ఎక్కువ వేడి ఎందుకు కోరుతుందని అడిగావు. ఆ సూత్రం మరగడానికి బాగానే సరిపోతుంది. తిప్పలంతా కరగడం దగ్గరే.

నియోపెంటేన్ మన కంటికి కనబడేది కాదు. కొట్లో ఉన్న కర్పూరం, పుదీనా పువ్వు తీసుకో. పుదీనా పువ్వంటే నీ పుస్తకంలోని మెంథాలే. రెండింట్లోనూ పది కార్బన్లు, ఒక ఆక్సిజన్. అణుభారాలు 152, 156. మరిగేది ఒకటి 209 డిగ్రీల దగ్గర, ఇంకోటి 212 దగ్గర. ఇంతవరకు పేచీ లేదు. కానీ మెంథాల్ 42 దగ్గరే కరుగుతుంది, మే నెలలో రేకుల కింద పెడితే సీసాలోనే నీళ్లయిపోతుంది. కర్పూరానికి 175 దాటాలి. పైగా ఓహెచ్, అంటే ఆక్సిజన్‌కు హైడ్రోజన్ అతికిన జంట, ఉన్నది మెంథాల్లోనే. అణువుల్ని ఒకదానికొకటి గట్టిగా పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు దానివే. బలమొక్కటే లెక్కయితే అదే ముందుండాలి.

మరగడమంటే అణువు పక్కవాటిని పూర్తిగా వదిలి గాల్లోకి పోవడం, కాబట్టి మొత్తం ఆకర్షణ ఎంతన్నదే ముఖ్యం. కరిగినప్పుడు అణువులు విడిపోవు, వరస చెదురుతుందంతే. అక్కడ ఆకారం మాట చెల్లుతుంది. కర్పూరం అణువు బూందీ గింజలా గుండ్రం. గడ్డగా ఉన్నప్పుడే తన చోట్లో తాను గిరగిరా తిరుగుతుంటుంది. కరిగితే దానికి కొత్తగా దక్కే స్వేచ్ఛ తక్కువ. మెంథాల్ స్ఫటికంలో బిగిసిపోయి ఉంటుంది, కరిగితే దానికి బోలెడు వెసులుబాటు. మీకు ఎంట్రోపీ అని చెప్పేది దీన్నే. కరగడానికి పట్టే వేడిని ఆ ఎంట్రోపీ పెరుగుదలతో భాగిస్తే కరిగే ఉష్ణోగ్రత వస్తుంది, కెల్విన్లలో. కింద అంకె చిన్నదైతే జవాబు పెద్దది.

నియోపెంటేన్‌కూ అంతే. గుండ్రం కాబట్టి పక్కవాటిని తాకే చోటు తక్కువ, 9.5 డిగ్రీలకే మరుగుతుంది. పెంటేన్‌కు 36 కావాలి. కరగడంలో పెంటేన్ మైనస్ 130, ఇది మైనస్ 17 దగ్గర.

ఇంకో తమాషా. కర్పూరం, పుదీనా పువ్వు కలిపి నూరితే పొయ్యి అక్కర్లేకుండా నీళ్లయిపోతాయి. ఒకదాని వరసలో ఇంకోటి ఇమడదు, కలిసిన ద్రవంలోనేమో రెండింటికీ చోటుంటుంది. వాము పువ్వు కూడా చేరిస్తే అదే అమృతధార. మామతో ఓ సీసా పంపిస్తున్నా. జలుబు చేస్తే వాసన చూడు, తాగొద్దు. మూత బిగించి పెట్టు, లేదంటే నెల తిరక్కుండా సగం గాలికి పోతుంది.

మీ నాయన