నోట్లో నీళ్లు పోసే ముందు...

సంపాదకులకు నమస్కారం.

మొన్న శనివారం అలిపిరి దారిలో, గాలిగోపురం ఇంకో పాతిక మెట్లుందనగా ఒక పెద్దాయన కూలబడిపోయాడు. నిమిషంలో జనం మూగారు. "నీళ్లు తాపించండప్పా" అని ఒకరు, "చేతిలో తాళాలు పెట్టండి" అని ఇంకొకరు. ఒకాయన అప్పుడే సీసా మూత తీసి నోటికి పెట్టబోతున్నాడు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని, చూస్తూ ఊరుకోలేక సీసా లాక్కున్నాను. తిట్లు కూడా తిన్నాను. తెలివి లేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

భుజం తట్టి పిలిస్తే పలకలేదు. నోటి దగ్గర చెంప ఆనించి, ఛాతీ లేస్తోందా లేదా అని పది సెకన్లు చూశాను. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. పక్కకు ఒత్తిగిలిస్తే నోట్లోంచి నమిలిన వక్క ముక్క బయటపడింది. కాసేపటికి కళ్లు తెరిచి, "ఇంకెన్ని మెట్లున్నాయమ్మా?" అన్నాడు. షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ఎక్కాడట! బాగా తేరుకుని మింగగలిగాకే బెల్లం ముక్క పెట్టాం.

పిలిస్తే పలకని మనిషికి ఊపిరి ఆడకపోయినా, ఆగాగి ఎగశ్వాసలా వస్తున్నా గుండె ఆగినట్టే లెక్క. ఆలస్యం చేయకుండా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండాలి. నాడి కోసం వెతుకుతూ కూర్చోవద్దు, కంగారులో మాకే ఒక్కోసారి దొరకదు.

ఆ రోజు 108కి ఫోన్ చేసిన కుర్రాడు "సీరియస్‌గా ఉంది, తొందరగా రండి" అని అదే మాట పదిసార్లు అన్నాడు. తెలివుందా, ఊపిరుందా, రక్తం పోతోందా, సరిగ్గా ఎక్కడున్నారు అన్నవి చెప్తేనే అవతలివాళ్లకు పని జరుగుతుంది. పిల్లవాడి తప్పేం లేదు, ఎవరూ నేర్పలేదు.

3,550 మెట్ల దారిలో ప్రతి మలుపులో డాక్టరును కూర్చోబెట్టమని అడగడం లేదు. శ్రీవారి సేవకులకు, మెట్ల పక్కన అంగళ్లవాళ్లకు, కింద ఆటోవాళ్లకు, ఆర్టీసీ కండక్టర్లకు ఒక పూట శిక్షణ ఇప్పించమని టీటీడీని, జిల్లా అధికారులను కోరుతున్నాను. రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులున్న తిరుపతిలో నేర్పేవాళ్లకు కొదవా? శనివారాలు ఎలాగూ కొండకొస్తుంటాను, పిలిస్తే నేనూ వచ్చి నేర్పుతాను.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, చిత్తూరు