మెమరీ కార్డులో తిరిగిన పాట

బంగారు తల్లీ,

మొన్న ఫోన్ చేసి "నాన్నా, యాప్ తెరిస్తే తిప్పి తిప్పి అవే పాటలు వస్తున్నాయి, కొత్తవి ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగావు. షాపులో జనం ఉన్నారని సరిగ్గా చెప్పలేదు. ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు ఒకటో తరగతిలో ఉండగా మన షాపు ముందు "ఇచ్చట పాటలు ఎక్కించబడును" అని బోర్డు ఉండేది, గుర్తుందా? కార్డేమో చిటికెన వేలి గోరంత. ఎక్కడ జారిపోతుందోనని కాగితంలో మడిచి తెచ్చేవాళ్ళు. రీడర్‌లో పెట్టి ఘంటసాల ఫోల్డరు, భక్తి ఫోల్డరు, కొత్త సినిమాల ఫోల్డరు ఎక్కించి ఇస్తే ముప్ఫై రూపాయలు.

ఇంచుమించు అదే రోజుల్లో సహారా ఎడారి అంచున, మాలీ, నైజర్ దేశాల్లో కూడా పాటలు ఇలాగే చేతులు మారేవట. అక్కడ నెట్ అంతంతమాత్రం. బ్లూటూత్‌లోనో, కార్డులోనో ఫోన్ నుంచి ఫోన్‌కు పోయేవి. నైజర్‌లో ఎమ్‌డూ మొక్తార్ అని ఒక కుర్రాడు, తువారెగ్ అనే ఎడారి తెగవాడు. సంగీతమంటే ఇంట్లో ఒప్పుకోరు. గిటార్ కొనే దారి లేక తనే ఒకటి తయారుచేసుకుని, సైకిల్ బ్రేకు తీగలు బిగించాడు. 2008లో నైజీరియాలోని సొకోటో వెళ్ళి మొదటి పాటలు రికార్డు చేశాడు. పెద్ద కంపెనీ ఏదీ వెనక లేకుండానే అవి ఫోన్లలో పడి ఎడారంతా తిరిగాయి.

క్రిస్టఫర్ కిర్క్‌లీ అనే అమెరికన్ ఆ ప్రాంతంలో తిరుగుతూ జనం ఫోన్లలోని పాటలు పోగుచేశాడు. పాడిందెవరో తెలియని ఫైళ్ళు పట్టుకుని వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాడు. సహేల్ సౌండ్స్ అని లేబుల్, అంటే పాటలు విడుదల చేసే సంస్థ, పెట్టి ఆ పాటలు బయటకు తెచ్చాడు.

షట్టర్ దించాక ఒక రాత్రి ఎమ్‌డూ పాటలు విన్నాను. మొదట అంతా ఒకేలా అనిపించింది, నిజం చెబుతున్నా. మూడోసారికి పట్టుకుంది. గిటార్ ఒక్కచోటే తిరుగుతూ, కోలాటంలో వేగం పెరిగినట్టు మనకు తెలియకుండానే ఊపు అందుకుంటుంది. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాలు ఆగలేదు.

ఇదంతా బ్యాండ్‌క్యాంప్ అని పాటలు అమ్మే సైటులో దొరికింది. అక్కడ ఆల్బమ్ పేజీలో, దాన్ని కొన్నవాళ్ళ బొమ్మలు చిన్నచిన్నగా ఉంటాయి. ఒకటి నొక్కితే ఆ మనిషి ఇంకా ఏమేం కొన్నాడో కనిపిస్తుంది. నేను వెతికే పద్ధతి అదే. మెషీన్ చెప్పేదానికన్నా, డబ్బు పెట్టి కొనుక్కున్న మనిషి అభిరుచి మీద నాకు నమ్మకం ఎక్కువ.

అలా వెళ్తే ఇథియోపియాకు చెందిన హైలూ మెర్గియా తగిలాడు. 1985 నాటి ఆయన క్యాసెట్‌లో అకార్డియన్, కీబోర్డులు, తాళానికి డ్రమ్ మెషీన్, అంతే. తర్వాత అమెరికాలో, వాషింగ్టన్ దగ్గర ట్యాక్సీ నడుపుకున్నాడు. బేరం లేనప్పుడు డిక్కీలోంచి కీబోర్డు తీసి సాధన చేసేవాడట. ఆ క్యాసెట్ ఇంకొకరి కంటపడి 2013లో మళ్ళీ విడుదలైంది, ఆయన తిరిగి స్టేజీ ఎక్కాడు. ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయానమ్మా.

ఒక్క మాట. నేను అన్నేళ్ళు పాటలు ఎక్కించాను కదా, పాడినవాళ్ళకు ఒక్క పైసా పోలేదు. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు, ఇప్పుడు మనసులో గుచ్చుకుంటోంది. అందుకే ఎమ్‌డూది, మెర్గియాది రెండూ కొన్నాను. అక్కడ డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు మామూలుగా నూటికి 15 తీసుకుంటుంది, లావాదేవీ ఖర్చులు పోను మిగిలింది కళాకారుడికో లేబుల్‌కో వెళ్తుంది. కొన్నిచోట్ల ధర మనల్నే చెప్పమంటారు. సున్నా కొట్టకు తల్లీ, ఎంతో కొంత వెయ్యి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రకం ఎంచుకో, సైజు పెద్దదైనా శబ్దం నలగదు.

అమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది. డబ్బా మూత లోపల కాదు, పైన టేపు వేసి ఒక కార్డు అంటించాను. నీ ఫోన్‌కు స్లాట్ లేదుగా, రీడర్ కూడా పెట్టాను. విను. నచ్చితే నీ పేరున నువ్వు కొనుక్కో. నువ్వు కనిపెట్టినవి ఏమైనా ఉంటే ఆ కార్డు మీదే ఎక్కించి, దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా.

మీ నాన్న